కుసుమకుమారి టీచరు వేయని మార్కులు

మంగళవారం పొద్దున్న పది గంటలకి కుసుమకుమారి టీచరు రెండో కాఫీ పక్కన పెట్టుకుని ‘ఆటమార్కు’ తెరిచింది. ఫోన్లలో ఆడే ఆటల మీద తెలుగులో సమీక్షలు రాసే వెబ్‌సైటు అది. ఆవిడ రాసింది ఆ రోజే రావాలి. వచ్చింది. పైన ‘గిరిదుర్గం’ అని ఆట పేరు, కింద ఆవిడ పేరు, పక్కన ఆకుపచ్చ వలయంలో మార్కులు. నూటికి ఎనభై ఐదు.

ఆవిడ కళ్ళజోడు తీసి, చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఎనభై ఐదే.

ఆవిడ వేసింది నలభై ఒకటి.

“ఏవండీ, ఒకసారి ఇలా రండి. ఈ అంకె ఎంతో చదవండి.”

బాల్కనీలో కరివేపాకు మొక్కకి నీళ్ళు పోస్తున్న రామారావు గారు తడిచేతులతోనే వచ్చి తొంగిచూశారు.

“ఎనభై ఐదు. బాగానే వేశావే! మొన్నటిదాకా దాన్ని తెగ తిట్టావుగా? పోన్లే, మనసు కరిగిందన్నమాట.”

ఆ మాటతో ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేసింది. ఎల్బీనగర్ చుట్టుపక్కల కాలనీల్లో సగం మంది ఇంజనీర్లకి ఆవిడే సమీకరణాలు నేర్పింది. అన్నేళ్ళలో ఆవిడ మనసు కరిగి ఒక్క అరమార్కు కూడా ఎవరికీ పడలేదు. కట్టుకున్న మనిషికే ఆ సంగతి తెలియకపోతే ఇక లోకానికేం తెలుస్తుంది?

ఆవిడకి ఈ ఆటల పిచ్చి పట్టింది మోకాలి ఆపరేషను తర్వాత. మన్సూరాబాద్‌లోని ఇంట్లో ఆరువారాలు మంచం దిగకూడదన్నారు డాక్టర్లు. సీరియళ్ళు చూస్తే బుర్రకి బూజు పడుతోందని ఆవిడ గోల పెడుతుంటే, చెల్లెలి కూతురు సంతోషి వచ్చి ఫోన్లో ఒక పజిల్ ఆట పెట్టి వెళ్ళింది. నాలుగు రోజుల్లో దాన్ని చివరిదాకా ఆడేసింది. తర్వాత పొలం దున్నే ఆట, తర్వాత హంతకుణ్ణి పట్టుకునే ఆట, క్రికెట్టు, కార్ల పందెం. కాలు నయమయ్యేసరికి ఇరవై రెండు ఆటలు పూర్తయ్యాయి. ఆ రోజుల్లోనే ఆటమార్కులో ఒక పజిల్ ఆటకి ‘లెక్కలు మరీ కష్టంగా ఉన్నాయి’ అని నలభై మార్కులు వేస్తే, ఆవిడ నాలుగు పేజీల ఉత్తరం రాసింది. లెక్కలు కష్టంగా లేవు, రాసినవాడికి హెచ్చవేత రాదు అని నిరూపిస్తూ. రెండు రోజులకి ఆ సైటు నడిపే మహేందర్ ఫోన్ చేశాడు.

“మేడమ్, నిజం చెప్పాలంటే మీరు రాసిందే కరెక్టు. ఇగ మీరే రాయండ్రి మాకు,” అన్నాడు.

అలా మూడేళ్ళలో అరవై దాకా రాసింది. ఆవిడ పద్ధతి ఆవిడది. నూటికి నూరు ఊరికే వేసేది కాదు. కథకి పదిహేను, ఆట నడకకి ఇరవై ఐదు, బొమ్మలకి పదిహేను, సంగీతానికి పది, తెలుగుకి పది, మధ్యలో చెడిపోకుండా నడిచినందుకు మిగతా ఇరవై ఐదు. ప్రతి మార్కుకీ నోట్సులో కారణం ఉండాలి. తుపాకుల ఆటలంటే ఆవిడకి పరమ అసహ్యం, అయినా ఒకదానికి డెబ్భై ఎనిమిది వేసింది. ‘రక్తం నాకు నచ్చకపోవడం వాళ్ళ తప్పు కాదు’ అని కింద రాసింది. ఆ ఒక్క వాక్యానికి వందలమంది దండాలు పెట్టారు. ‘టీచరమ్మ మార్కులు’ అన్న పేరు స్థిరపడిపోయింది.

గిరిదుర్గం కొండమీది కోటని పట్టుకునే ఆట. చేసింది హైదరాబాదులోనే, వజ్రధార అనే కంపెనీ. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర పెద్ద హాలు తీసుకుని, ఏనుగు బొమ్మలు నిలబెట్టి, విడుదల వేడుక చేశారు. కుసుమకుమారి ఆ ఆటని ముప్పై ఒక్క గంటలు ఆడింది. పదో లెవెల్ దాకా ఏదో నడిచింది. పదకొండో లెవెల్లో సొరంగం దగ్గర ఒక కాపలావాడు ఉంటాడు. వాడికి తాళంచెవి ఇస్తే తలుపు తీస్తాడు. ఆవిడ ఇచ్చింది. సరిగ్గా అప్పుడే రామారావు గారు కూరగాయల దుకాణం నుంచి ఫోన్ చేసి, బెండకాయలా దొండకాయలా అని అడిగారు. ఫోన్ పెట్టేసి మళ్ళీ ఆటలోకి వెళితే తాళంచెవి లేదు. ఇచ్చినట్టూ లేదు, తన దగ్గరా లేదు. కాపలావాడు మాత్రం “తాళం తెచ్చావా?” అని అడుగుతూ నిలబడ్డాడు. ఎటు వెళ్ళినా దారి లేదు. మొదటి నుంచీ ఆడాల్సిందే. ఒక్కసారికే తీర్పు చెప్పడం న్యాయం కాదని ఆవిడ మొదటి నుంచీ ఇంకో రెండుసార్లు ఆడి, అదే చోట కావాలని ఫోన్ చేయించుకుని చూసింది. రెండుసార్లూ అంతే. అప్పుడు గానీ నలభై ఒకటి వేయలేదు.

ఇప్పుడు ఆ సమీక్షని పైనుంచి కిందదాకా చదివింది. కోటగోడల బొమ్మల్ని మెచ్చుకున్న పేరా ఉంది. పదకొండో లెవెల్ గురించి రాసిన పేరా లేదు. ‘తెలుగులో తప్పులు’ అన్న భాగం లేదు. చివర ఆవిడ జన్మలో వాడని వాక్యం ఒకటి చేరింది. ‘తప్పక ఆడి తీరాల్సిన అద్భుతం!’ దాని తోకన ఆశ్చర్యార్థకం కూడా పెట్టారు.

కింద పాఠకుల మాటలు చూసింది. ‘టీచరమ్మకి ఎంత ముట్టిందో’ అని ఒకడు. ‘పెద్దావిడ కదా, అలసిపోయి ఉంటది’ అని ఇంకొకడు. ఇవన్నీ ఆవిడ తట్టుకోగలిగేదే. తట్టుకోలేకపోయింది అంతయ్య అనే ఆయన రాసింది.

‘అమ్మా, నేను డీసీఎం బండి నడుపుత. సామాను దింపేదాక ఖాళీగ ఉంటం కదా, గప్పుడు ఆడుకుంట. మీరు మార్కులేస్తేనే కొంట. గీ ఆట మాత్రం ఆగలేక విడుదలైన నాడే కొన్న. పదకొండుల ఉన్నప్పుడు మా సేటు ఫోన్ చేసిండు. వారం దినాల ఆట మొత్తం పోయింది. ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. మీరు నిజంగ ఆడిండ్రా?’

మీరు నిజంగ ఆడిండ్రా! ఆవిడ ఆ ప్రశ్నని నాలుగుసార్లు చదివింది. మహేందర్‌కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. చీర మార్చుకుని, నోట్సు సంచిలో పెట్టుకుని, ఆటో ఎక్కి ఎల్బీనగర్ మెట్రోలో కూచుంది.

ఆటమార్కు ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన, మూడో అంతస్తులో. మెట్ల గోడల నిండా ర్యాంకులు వచ్చినవాళ్ళ ఫోటోలు. కొత్త మోకాలితో ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ఆ అంకెలన్నీ ఆవిడ వంకే చూస్తున్నట్టున్నాయి. పైకి వెళ్ళేసరికి ఊపిరి ఆడలేదు. అయినా కూర్చోలేదు.

మహేందర్ చెడ్డవాడు కాదు, అదే ఆవిడ బాధ. వాళ్ళ నాన్న మట్టయ్య నల్గొండ పల్లె నుంచి వచ్చి, లారీ క్లీనర్‌గా మొదలుపెట్టి, కొడుకుని డిగ్రీ చదివించాడు. ఆటల గురించి తెలుగులో రాసే దిక్కే లేదని ఈ కుర్చీలూ బల్లలూ తనే మోసి సైటు పెట్టాడు మహేందర్. మొదటి ఏడాది సమీక్షలన్నీ తనే రాశాడు. అవి ఆవిడ చదివింది. కుండబద్దలు కొట్టినట్టుండేవి.

“మేడమ్! మీరెందుకొచ్చిండ్రు ఇంత దూరం? కూసోండ్రి, చాయ్ చెప్త.”

“నా మార్కులు ఎవరు మార్చారు మహేందర్ గారూ?”

అతను పక్కన కంప్యూటర్ల ముందున్నవాళ్ళ వైపు చూసి గొంతు తగ్గించాడు. “గది ఎడిటింగ్‌ల అయింది మేడమ్.”

“ఎడిటింగంటే అక్షరదోషాలు దిద్దడం. నలభై ఒకటిలో ఏ అక్షరం దిద్దితే ఎనభై ఐదవుతుంది?”

“మేడమ్, జర నా దిక్కెళ్ళి గూడ ఆలోచించుండ్రి. ఎనభైకి తక్కువేస్తే గా కంపెనోళ్ళు మల్ల మనకు ఆట ముందుగాల ఇయ్యరు. ప్రకటనలియ్యరు. అందరూ రాసినంక మనం రాస్తే ఎవడు సదువుతడు? గీడ ఆరుగురున్నరు మేడమ్. నేనేం చెయ్యాలె?”

“నువ్వే వేసుకో.” కోపంలో ఆవిడ నోటివెంట ‘నువ్వు’ వచ్చేసింది. “నీకు ఎనభై ఐదు కావాలంటే నీ పేరు పెట్టుకుని నువ్వే వేసుకో. ఎందుకు వేసుకోలేదో చెప్పనా? నీ పేరుతో వేస్తే ఎవరూ నమ్మరు. నా పేరుకున్న నమ్మకం కావాలి, నా మార్కులు మాత్రం వద్దు!”

గదిలో టకటకలు ఆగిపోయాయి. మహేందర్ మొహం ఎర్రబడింది.

“సరే మేడమ్. ఒక పని చేద్దాం. మీ మాటా వద్దు, నా మాటా వద్దు. అరవై ఐదు చేస్త.”

“ఇదేమన్నా కొత్తపేట రైతుబజారనుకున్నావా? వంకాయలు బేరమాడుతున్నావా నాతో? ఆ అంతయ్య అనే ఆయన వారం రోజుల ఆట పోగొట్టుకున్నాడు. నేను ఆడానా అని అడిగాడు. ఆయనకి ఏం చెప్పమంటావు, అరవై ఐదు శాతం ఆడానని చెప్పనా?”

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గారు. మహేందర్ కంప్యూటర్ ముందు కూచుని, ఆవిడ చూస్తుండగానే సమీక్ష కింద ఆవిడ పేరు తీసేసి ‘మా ప్రతినిధి’ అని పెట్టాడు.

“ఇగో మేడమ్. మీ పేరు లేదు. అయిపోయింది కదా?”

ఆ క్షణానికి ఆవిడకి గెలిచినట్టే అనిపించింది. మెట్లు దిగింది, రైలెక్కింది. చైతన్యపురి దాటాక తెలిసివచ్చింది, తనని ఎంత తేలిగ్గా వదిలించుకున్నాడో. పేరు పోయింది, ఎనభై ఐదు అలాగే ఉంది. రేపు ఇంకో అంతయ్య అది చూసే కొంటాడు. పొద్దున్నుంచీ చదివినవాళ్ళందరికీ అది టీచరమ్మ వేసిన మార్కే. తనకేమో తనే వెళ్ళి పేరు కొట్టేయించుకుని వచ్చిన ఘనత. ఆవిడకి తన మీద తనకే కోపం వచ్చింది.

“ఆటల మార్కులే కదా కుసుమా,” అన్నారు రామారావు గారు అన్నం వడ్డించుకుంటూ. “ఎవరి జీవితమన్నా దాని మీద ఆధారపడి ఉందా?”

“పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్లో ఒక పెద్దాయన వచ్చి, ఈ నంబరు కాస్త చూడండమ్మా అన్నప్పుడు మీరేమన్నారు?”

ఆయన ముద్ద నోటి దగ్గర ఆపారు. “వేయొద్దన్నాను.”

“నేనేం చేశాను?”

“ఆ పేపరు ఆయన ముందే తెరిచి, ఏ జవాబుకి వేయాలో చూపించండి, వేస్తాను అన్నావు. ఆయన వెళ్ళిపోయాడు. అప్పుడు నిన్ను రెండేళ్ళు దూరం డ్యూటీలు తిప్పారు.” ఆయన ముద్ద తినేసి నెమ్మదిగా అన్నారు. “కానీ అది పిల్లల చదువు. ఇది...”

“మార్కు మార్కే నండీ. ఒకడి పనిని ఇంకొకడు చూసి, ఇది ఇంత అని చెప్పే మాట. అది అబద్ధమైతే ఇక చూడటం ఎందుకు, చెప్పడం ఎందుకు?”

గురువారం మధ్యాహ్నం ఒక అమ్మాయి వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది. ముందురోజు ఫేస్‌బుక్‌లో మెసేజి పెట్టి అడ్రసు అడిగిన అమ్మాయే. ముప్పై ఏళ్ళుంటాయి, పేరు అమల. హెల్మెట్ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

“నేను వజ్రధారలో పనిచేస్తాను మేడమ్. గిరిదుర్గంలో పదకొండో లెవెల్ చేసింది నేనే.”

తిట్టడానికే వచ్చిందనుకుంది కుసుమకుమారి. అయినా లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చింది.

“ఒక్కటి అడగాలని వచ్చాను,” అంది అమల గ్లాసు ముట్టుకోకుండా. “మీరు దానికి ఎనభై ఐదు ఎలా వేశారు?”

కంపెనీ మనిషే వచ్చి మార్కులు ఎక్కువెందుకు వేశావని అడుగుతుందని కుసుమకుమారి అనుకోలేదు.

“తాళంచెవి తప్పు నాకు తెలుసు మేడమ్. మధ్యలో ఫోనొస్తే ఆట పోతుందని విడుదలకి ముందే చెప్పాను. మూడు వారాలిస్తే సరిచేస్తానన్నాను. ముందు వదులుదాం, గొడవైతే చూద్దాం అన్నారు. మీ సమీక్ష రాగానే మీటింగులో గోడ మీద వేసి చూపించారు. లెక్కల టీచరే ఎనభై ఐదు వేసింది, నీకెందుకమ్మా అంత బెంగ అని అందరి ముందూ నవ్వారు. నా దగ్గరున్న ఇద్దర్నీ కొత్త ఆటకి మార్చేశారు.” “పాసైన పేపరు మళ్ళీ ఎవరు దిద్దుతారు మేడమ్? మీ రాతలన్నీ చదివాను నేను. మీరైనా పట్టుకుంటారనుకున్నాను.”

కుసుమకుమారి లేచి వెళ్ళి నోట్సు తెచ్చి అమల ఒళ్ళో పెట్టింది. పద్నాలుగు పేజీలు. పదకొండో లెవెల్‌కే నాలుగు పేజీలు. ఏ నిమిషానికి ఏం జరిగిందో బొమ్మ గీసి మరీ రాసింది. చివరి పేజీలో మొత్తం నలభై ఒకటి, దాని చుట్టూ గీసిన సున్నా.

అమల ఒక్కో పేజీ తిప్పి చదివింది. చదువుతున్నకొద్దీ మొహం తేరుకుంది. ఒకచోట ఆగింది.

“కథకి ఆరేనా మేడమ్?”

“ఆరే. రాజుగారి తమ్ముడు ఎందుకు ద్రోహం చేశాడో ముప్పై ఒక్క గంటల్లో ఒక్కచోట కూడా చెప్పలేదు.”

“అది మాకూ తెలీదు,” అని అమల నవ్వేసింది. కళ్ళు తుడుచుకుని మంచినీళ్ళు తాగింది.

మార్కులు ఎవరు మార్చారో విన్నాక ఆ పిల్ల నోట్సు మూసి తిరిగిచ్చింది. కుసుమకుమారికి మాత్రం అంతకుముందు లేని కోపం వచ్చింది. ఈ రెండు రోజులూ తన పేరు పోయిందని, అంతయ్యలాంటివాళ్ళు మోసపోతారని ఏడ్చింది. ఇప్పుడు చూస్తే ఆ దొంగ మార్కు ఆటనే చంపింది. బాగుచేస్తానన్న మనిషి చేతులు కట్టేసింది. శత్రువు వేసే సున్నా కూడా ఇంత చేటు చేయదు.

శుక్రవారం మహేందర్ ఫోన్ చేశాడు. ఆదివారం ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో ఆటమార్కు పాఠకుల సభ. ఆ సభలో టీచరమ్మకి సన్మానమని నెల కిందటే కార్డులు వేశారు.

“మేడమ్, కోపం మనసుల పెట్టుకోకుండ్రి. మీరు రాకపోతే బాగుండదు. శాలువ కప్పుతం, రెండు మాటలు మాట్లాడుండ్రి.”

“వస్తాను,” అంది ఆవిడ. అతనికి ప్రాణం లేచివచ్చింది.

తర్వాత ఆవిడ అంతయ్యకి మెసేజి పెట్టి, నంబరు తీసుకుని ఫోన్ చేసి, ఆడానని, ఎంత వేసిందో, ఏం జరిగిందో చెప్పింది. “ఆదివారం పొద్దున్న మీ ఫోను తీసుకుని రాగలరా?” అని అడిగింది. “మీరు రమ్మంటే రానా అమ్మా? బండి పక్కకు పెట్టి ఒస్త,” అన్నాడాయన. అమలకి మాత్రం రావొద్దని గట్టిగా చెప్పింది. ఆ పిల్ల ఉద్యోగం మీదికి తేవడం ఆవిడకి ఇష్టం లేదు.

ఆదివారం పదకొండింటికి హాల్లో మూడువందల మంది దాకా ఉన్నారు. వేదిక మీద పెద్ద తెర, దాని మీద గిరిదుర్గం కోట. వజ్రధార ప్రచారం చూసే వినయ్ ముఖ్య అతిథి. చక్కటి మాటకారి. టీచరమ్మ లాంటి కఠినమైన పరీక్షకురాలే ఎనభై ఐదు వేసిందంటే తమ శ్రమ ఫలించినట్టేనని చెప్పి, తనే స్వయంగా శాలువ కప్పాడు. చప్పట్లు మోగాయి. మైకు ఆవిడ చేతికొచ్చింది.

ఆవిడ శాలువ తీసి, నలగకుండా మడతపెట్టి, కుర్చీ మీద ఉంచింది.

“ఇది నేను తీసుకోలేను. ఆ ఎనభై ఐదు నేను వేయలేదు. నేను వేసింది నలభై ఒకటి. నన్ను అడక్కుండా మార్చారు. అడిగితే పేరు తీసేశారు. ఇప్పుడు అదే పేరు చెప్పి శాలువ కప్పారు.”

హాలు ఒక్కసారిగా గోలెత్తింది. మహేందర్ కుర్చీలోంచి సగం లేచాడు. ఆవిడ నోట్సు తెరిచి చదవడం మొదలుపెట్టింది. “బొమ్మలకి పదిహేనుకి పదమూడు. ఆ గోడల మీద నాచు గీసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. ఆట నడకకి పన్నెండు. కథకి ఆరు. సంగీతం నాలుగు. తెలుగు మూడు, ‘యుద్దము’ అని ధ ఒత్తుకి బదులు ద ఒత్తు పెట్టి పద్దెనిమిది చోట్ల రాశారు. చెడిపోకుండా నడిచినందుకు ఇరవై ఐదుకి మూడు. ఎందుకంటే...”

వినయ్ చిరునవ్వుతో ఇంకో మైకు అందుకున్నాడు. “మేడమ్ పెద్దవారు. మనందరికీ అమ్మలాంటివారు. ఈ వయసులో ఫోను వాడటంలో చిన్న చిన్న పొరపాట్లు జరుగుతుంటాయి. అందులో తప్పులేదు.”

ఆ మాటతో ముందు వరసలో కూచున్న రామారావు గారు కూడా లేచి నిలబడ్డారు. ఆయన ఏమంటారో అని భయపడి కుసుమకుమారి చెయ్యెత్తి ఆయన్ని ఆపింది.

“నా వయసు అరవై ఆరు. నిజమే. అంతయ్య గారూ, మీ వయసెంత?”

“నలభై ఒకటమ్మా,” అన్నాడు అంతయ్య వెనక వరసలోంచి. హాలంతా ఘొల్లున నవ్వింది.

“పైకి రండి.”

ఖాకీ చొక్కాతోనే వచ్చిన అంతయ్య వేదికెక్కి ఫోను ఇచ్చాడు. కంప్యూటర్ దగ్గరున్న అమ్మాయి మహేందర్ వైపు చూసింది, అతను తలొంచుకున్నాడు. ఆ అమ్మాయి తనంతట తనే ఫోనుకి తీగ తగిలించింది. తెర మీద అంతయ్య ఇరుక్కుపోయిన సొరంగం వచ్చింది, కాపలావాడు వచ్చాడు.

“మీరు ఆడండి వినయ్ గారూ. మీకు పొరపాట్లు రావుగా.”

తప్పించుకునే దారి లేక వినయ్ ఫోను తీసుకున్నాడు. కాపలావాడి దగ్గరికి వెళ్ళాడు. “తాళం తెచ్చావా?” అన్నాడు వాడు. వినయ్ వెనక్కి వెళ్ళి వెతికాడు, మళ్ళీ వచ్చాడు. “తాళం తెచ్చావా?” గోడ ఎక్కబోయాడు, కిందికి దూకాడు. “తాళం తెచ్చావా?” ఐదోసారికి మూడువందల మందీ కాపలావాడితో కలిసి అరిచారు.

అప్పుడు మైకు ఆగిపోయింది. ఎవరు ఆపారో తెలియదు. కుసుమకుమారి చచ్చిన మైకుని బల్ల మీద పెట్టింది. అరవైమంది పిల్లల క్లాసులో చివరి బెంచీ దాకా వినిపించిన గొంతు ఆవిడది.

“ఈ ఆట చేసినవాళ్ళ మీద నాకు కోపం లేదు! కష్టపడ్డారు. తప్పుంటే దిద్దుకునేవాళ్ళు. నలభై ఒకటి అని చెప్పి ఉంటే దిద్దుకునేవాళ్ళు! ఎనభై ఐదని అబద్ధం చెప్పి, దిద్దుకునే దారి మూసేశారు. కొన్నవాళ్ళనీ మోసం చేశారు, చేసినవాళ్ళనీ మోసం చేశారు. మార్కులు మీకు నచ్చకపోతే నాతో పోట్లాడండి. నా లెక్క తప్పని చూపించండి, పదిమంది ముందు దిద్దుకుంటాను. కానీ నా పేపరు మీద ఇంకొకరి చెయ్యి పడితే ఊరుకోను!”

వేదిక దిగుతుంటే అంతయ్య చెయ్యి పట్టుకుని దింపాడు.

ఆ మాటలన్నీ ఎవరో ఫోన్లో తీశారు. సాయంత్రానికి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళ నుంచి ఎక్కడెక్కడికో పాకిపోయింది. మర్నాడు పొద్దున్నకి ఆటమార్కులో గిరిదుర్గం సమీక్ష పేజీయే లేదు. దిద్దలేదు, తీసేశారు. ఆవిడ రాసిన మిగతా అరవై సమీక్షలూ కూడా దాంతోపాటే మాయమయ్యాయి. మూడేళ్ళ పని. ఆ రోజు ఆవిడ అన్నం సహించక లేచిపోయింది. రామారావు గారు సాయంత్రం బజారుకి వెళ్ళి, లావుపాటి నోట్సులు నాలుగు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టారు. “పాత నోట్సులన్నీ అటక మీదున్నాయిగా. మళ్ళీ నువ్వే పెట్టుకో. ఎక్కించడం నాకు నేర్పితే నేను టైపు చేస్తాను,” అన్నారు.

సంతోషి వచ్చి పేజీ తయారుచేసి ఇచ్చింది. రామారావు గారు రెండువేళ్ళతో కొడుతూ రోజుకొకటి చొప్పున పాత సమీక్షలు ఎక్కించడం మొదలుపెట్టారు. మొట్టమొదట ఎక్కించింది గిరిదుర్గం. నలభై ఒకటి.

వజ్రధార క్షమాపణ చెప్పలేదు. వినయ్ కూడా ఆవిడ గురించి మళ్ళీ ఎక్కడా మాట్లాడలేదు. కానీ అమలకి మూడు వారాలిచ్చారు, ఆ ఇద్దరు మనుషుల్నీ వెనక్కి పంపారు. నాలుగో వారంలో ఆట కొత్తగా వచ్చింది. ఇరుక్కుపోయినవాళ్ళ ఆటలు ఎక్కడివక్కడ నిలిచి, తాళంచెవి తిరిగొచ్చింది. అంతయ్య రామోజీ ఫిల్మ్‌సిటీ మలుపు దగ్గర బండి ఆపి ఫోన్ చేశాడు. “అమ్మా, పన్నెండుల పడ్డ!” అని అరిచాడు.

కుసుమకుమారి మొదటి నుంచీ మళ్ళీ ఆడింది. చెడిపోకుండా నడిచినందుకు ఈసారి ఇరవై ఒకటి వేసింది. ఒత్తులు సరిచేశారు కాబట్టి తెలుగుకి ఏడు. మొత్తం అరవై మూడు. కథకి ఆరే ఉంచింది. సంగీతానికి నాలుగు మరీ అన్యాయమని అమల మెసేజి పెడితే, చెవుల్లో పెట్టుకునేవి కొనుక్కుని మరీ విన్నది. నాలుగే అంది.

మహేందర్ రెండు నెలలకి ఫోన్ చేశాడు. చదివేవాళ్ళు తగ్గిపోయారని చెప్పలేదు గానీ, గొంతులో తెలుస్తూనే ఉంది.

“మేడమ్, మీరు మల్ల రాయాలె. ఈసారి ఒక్క అక్షరం ముట్టుకోను. మా నాయిన మీదొట్టు.”

“ఒట్లెందుకు మహేందర్ గారూ. తీసేసిన పేజీ మళ్ళీ పెట్టండి. నలభై ఒకటితో పెట్టండి. కింద ఒక్క వాక్యం రాయండి. ‘ఈ మార్కులను ఎడిటర్ మార్చాడు, అది తప్పు’ అని. దాని కింద మీ పేరు.”



“అందరూ సదువుతరు కద మేడమ్,” అన్నాడు మహేందర్.

“చదవడానికేగా రాసేది!” అంది ఆవిడ. ఆ గొంతులో కోపం ఇసుమంత కూడా తగ్గలేదు. “మీరు మొదట్లో రాసినవి నేను చదివాను. అవి రాసిన మనిషికి ఈ ఒక్క వాక్యం పెద్ద కష్టం కాదు. రాసిన రోజు చెప్పండి, వస్తాను.”

ఇంకో నెల గడిచింది. ఆ వాక్యం ఇంకా రాలేదు.